సాయంత్రమైతే చాలు అమ్మ "మా ఇంటికి పోతాను" అంటోంది, నిద్రమాత్ర వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు, అల్జీమర్స్ ఉంది. అనకాపల్లిలో సొంతింట్లో ఉండేది, ఈమధ్యే మధురవాడలో మా ఫ్లాట్‌కి తెచ్చుకున్నాం. పొద్దు వాలితే ఇంటికి పోతానని తలుపు బాదుతోంది, ఆపితే కొడుతోంది. నిద్రమాత్ర వేయొచ్చా?
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

సలహా: మాత్ర సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు ఇంటి సంగతి చూద్దాం. ఏళ్ల తరబడి తిరిగిన ఇంట్లో వంటగది ఎటు, బాత్రూమ్ ఎటు అని ఆవిడ ఆలోచించక్కర్లేదు, కాళ్లే తీసుకెళ్లిపోతాయి, ఫ్లాట్‌లో ఆ ఆధారం పోయింది. పైగా డిమెన్షియాలో (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల్లో) శరీరానికి పగలూ రాత్రీ తేడా సరిగ్గా తెలీదు, సాయంత్రానికి బాగా అలిసిపోతారు, సరిగ్గా అప్పుడే మన ఇళ్లల్లో టీవీ సీరియల్, కుక్కర్ విజిల్, స్కూల్ నుంచొచ్చిన పిల్లల గోల అన్నీ ఒకేసారి మొదలౌతాయి. చీకటి పడ్డాక బాల్కనీ అద్దంలో తన నీడే కనిపించినా ఎవరో వచ్చారని భయపడతారు.

అందుకే చీకటి పడకముందే లైట్లన్నీ వేసి కర్టెన్లు లాగేయండి, సాయంత్రం ఓ రెండు గంటలపాటు టీవీ కట్టేయండి. పొద్దున్న కాసేపు ఎండలో నడిపించండి, రాత్రి నిద్రకి అది చాలా సాయం చేస్తుంది. అనకాపల్లి నుంచి ఆవిడ మంచం, దుప్పటి, దేవుడి పటాలు తెప్పించండి, ఇది మాత్రం తప్పకుండా చేయండి. నల్ల డోర్‌మ్యాట్ ఆవిడకి గొయ్యిలా కనిపిస్తుంది, తీసేయండి. బాత్రూమ్‌లో రాత్రంతా లైటు ఉంచండి. "ఇదే మన ఇల్లు" అని వాదించొద్దు, "సరే పదమ్మా" అని కారిడార్‌లో ఓ చుట్టు తిప్పి తీసుకురండి.

కానీ ఈ కోపం రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి పెరిగిందా? అలాగైతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి, యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కడైనా నొప్పి ఉన్నా ఇలాగే అవుతుంది, ఆవిడ నోటితో చెప్పలేరు కదా. మన వైజాగ్ ఉక్కపోతకి నీళ్లు కూడా అడగరు, మీరే ఇస్తుండాలి.

నిద్రమాత్ర సొంతంగా వేయకండి, గందరగోళం ఇంకా పెరుగుతుంది, పడి తుంటి విరిగే ప్రమాదం ఉంది. ఇలాంటి ఆవేశం తగ్గించడానికి వాడే యాంటీసైకోటిక్ మందులతో కూడా డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. పైన చెప్పిన మార్పులన్నీ చేశాక కూడా ఎవరికైనా దెబ్బలు తగిలేలా ఉంటే అప్పుడు ఆ మందులు తక్కువ డోసులో కొన్నాళ్లు ఇస్తాం, అది సైకియాట్రిస్ట్ చూశాకే. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనైనా చినవాల్తేరు మానసిక ఆసుపత్రిలోనైనా చూపించొచ్చు, వెళ్లేటప్పుడు జలుబు మాత్రలతో సహా ఆవిడ వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. మీకే తట్టుకోలేనట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.