పెంపుడు చిలుక ఉన్నట్టుండి మాటలు మానేసి ముడుచుకుని కూర్చుంటే కంగారు పడాలా?

అవును, అదే రోజు పక్షుల డాక్టరుకు చూపించాలి. వేటాడే జీవుల కంట పడకూడదని చిలుక తన నీరసాన్ని వీలైనంత కాలం దాచుకుంటుంది. మనకు తెలిసేసరికి జబ్బు ముదిరి ఉండొచ్చు. పట్టపగలు ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగుతోందంటే శ్వాసకు ఇబ్బంది పడుతోందన్నమాట. రేపటిదాకా ఆగొద్దు.

‘గింజలు తింటోంది కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. పాపం, అది పొట్టు ఒలిచి పప్పు వదిలేస్తూ ఉండొచ్చు. గిన్నెలో పొట్టు చూసి నమ్మకండి, గ్రాముల్లో చూపే కాటా మీద బరువు చూడండి. ఈకలు రాల్చే రోజుల్లో కాస్త మౌనంగా ఉండడం మామూలే, కానీ అప్పుడు కూడా తిండి మానదు.