ర్యామ్ మీద స్టిక్కర్ చూశారా అండి?

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒకాయన రాశారు. ఉత్తరం పెద్దది, విషయం ఇదీ. వాళ్ల రొయ్యల చెరువు లెక్కలన్నీ నాన్నగారు 2013లో కొన్న డెస్క్‌టాప్‌లోనే ఉంటాయి. బాగా స్లో అయిపోయిందని 2024 ఆగస్టు 17న రాజమండ్రిలో ఒక షాపుకి తీసుకెళ్తే 8 జీబీ ర్యామ్ వేస్తానని 2,800 తీసుకున్నాడు, పాత 2 జీబీ ర్యామ్ అతనే ఉంచేసుకున్నాడు, బిల్లు లేదు, ఏడాది వారంటీ అని నోటిమాట. డబ్బులు బావగారి ఫోన్‌పే నుంచి వెళ్లాయి. అప్పట్నుంచి హ్యాంగ్ అవుతూనే ఉంది, సిస్టమ్‌లో చూస్తే 3.2 జీబీయే కనపడుతోంది, అడిగితే రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు, ఈ దిగులుతో నాన్నగారికి బీపీ పెరిగింది. చీటింగ్ కేసు పెట్టొచ్చా, లక్ష నష్టపరిహారం వస్తుందా, ఫ్రెండ్ ఒకతను పాత తేదీతో బిల్లు చేయించి ఇస్తానంటున్నాడు, వాడుకోవచ్చా అని అడిగారు.

బీపీ గురించి రెండు పేజీలు రాశారు గానీ కేసు తేల్చే మాటని ఒక్క లైన్లో వదిలేశారండి. 3.2 కనపడుతోంది అన్నారు, దాని పక్కన ఇంకేం రాసుంది? ఆ రోజుల్లో కొన్న సిస్టమ్స్‌లో చాలావాటికి విండోస్ 7లో 32 బిట్ అనే రకం వేసిచ్చేవాళ్లు, అది 4 జీబీ దాటి వాడుకోలేదు, మీరు 8 పెట్టినా 16 పెట్టినా మూడు మూడున్నర దగ్గరే ఆగుతుంది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. ఇన్‌స్టాల్డ్ మెమరీ 8, యూజబుల్ 3.2 అని ఉంటే అతను 8 అని చెప్పి 8 పెట్టినట్టే. అప్పుడు "8 అని 4 వేశాడు" అని మీరు రాసే కంప్లయింటు, అతని వకీలు ఆ ఒక్క స్క్రీన్ చూపించగానే పడిపోతుంది. కేసు లేదని కాదు, కేసు మారుతుంది. ఏ విండోస్ ఉందో చూడకుండా, ఇది మీకు పనికిరాదు, 64 బిట్ వేయించుకోండి అని ఒక్క ముక్క చెప్పకుండా డబ్బు తీసుకోవడం సేవాలోపం కిందికి వస్తుంది. అలా కాకుండా స్టిక్కర్ మీదే 4 జీబీ అని ఉంటే అది వేరే సంగతి, మీ చెయ్యి గట్టిదే.

అందుకని ముందు స్టిక్కర్. వేరే టెక్నీషియన్‌ని ఇంటికి పిలిపించి, క్యాబినెట్ మూసి ఉన్నప్పట్నుంచే వీడియో ఆన్ చేసి, విప్పడం, ర్యామ్ బయటికి తీయడం, దాని మీద సీరియల్ నంబరు, జీబీ, డీడీఆర్3 అని ర్యామ్ రకం ఉన్నదీ అన్నీ దగ్గరగా తీయించండి. సీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ర్యామ్ ఏ కంపెనీది, చాలాసార్లు ఏ వారం ఏ సంవత్సరంలో తయారైందో కూడా కనిపిస్తుంది, కొత్తదని అమ్మిన ముక్క 2011ది అని తేలితే మీ కేసు సగం అక్కడే ఉంది. ఆ టెక్నీషియన్ చూసింది చూసినట్టు అఫిడవిట్ ఇవ్వడానికి ఒప్పుకోవాలి, ఆ మాట ముందే అడగండి. ఇదంతా అయ్యేదాకా ఆ ర్యామ్ ఎవరికీ ఇవ్వకండి, ముఖ్యంగా ఆ షాపుకి "చూస్తాను తీసుకురా" అంటే తీసుకెళ్లకండి.

ఇక బిల్లు. వద్దండి, ఆ ఆలోచనే వద్దు. కన్స్యూమర్ కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో జ్యుడీషియల్ ప్రొసీడింగే, అందులో దొంగ కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. 2,800 కోసం వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు, ఆ ఫ్రెండ్ కూడా మీతోపాటు ఇరుక్కుంటాడు. మేత బస్తా తూకంలో కిలో తేడా వస్తే ఊరుకోరు కదా, మరి ఇక్కడ బిల్లెందుకు అడగలేదు? బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి, అంటే అతను ఇవ్వనిది అతని తప్పు, దాన్ని మీరు నకిలీది పెట్టి మీ తప్పు చేసుకోకండి.

అసలు సాక్ష్యం మీ దగ్గరే ఉంది. బావగారి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ, ఆ మొత్తం, ఎవరికి వెళ్లిందీ ఉంటాయి. డబ్బు ఆయన కట్టినా, ఆయనకి తెలిసే మీరు వాడుతున్నారు కాబట్టి చట్టం మిమ్మల్నీ వినియోగదారుడనే అంటుంది. వాట్సాప్‌లో "రేపు చూస్తాను" అన్న మెసేజీలు డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి, ప్రింట్లతోపాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఫోన్‌లో ఉన్నదే ఇది అని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయండి. చెరువు వ్యాపారం కదా, వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు అని అవతలివాళ్లు అడ్డం తిరుగుతారు, అందుకే స్వయంగా చేసుకుని బతికే జీవనాధారం అని కంప్లయింటులోనే స్పష్టంగా రాయండి.

నాకు ఎక్కువ భయం గడువు గురించి. అదే 2019 చట్టం సెక్షన్ 69 ప్రకారం కంప్లయింటు వేయడానికి రెండేళ్లు. షాపు చుట్టూ తిరిగిన రోజులు అందులోంచి తీసెయ్యరు, లాయరు నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. లోపం తర్వాత తెలిసింది, అప్పట్నుంచి లెక్కెయ్యాలి అని వాదించొచ్చు, ఆలస్యం మాఫీ చేయమని అడగొచ్చు, కానీ వాటి మీద ఆధారపడి కూర్చోకండి. 2026 ఆగస్టు 16 లోపు ఫైల్ అయిపోవాలి. దాని కోసం గోదావరి దాటి రాజమండ్రి వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో కూడా వేసుకోవచ్చు. ముందు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలా షాపులు అక్కడే దారికొస్తాయి, రాకపోయినా మీరు అడిగినట్టు రికార్డు ఉంటుంది. చీటింగ్ కేసు అంటే మొదట్నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, మీరు చెప్పినదాంట్లో నాకది కనపడలేదు, స్టేషన్ చుట్టూ తిరిగి ఈ మిగిలిన రోజులు పోగొట్టుకోకండి.

లక్ష అడగొద్దు. ర్యామ్ డబ్బు, పాత 2 జీబీ ర్యామ్ తిరిగివ్వడం, టెక్నీషియన్‌కి అయిన ఖర్చు, తిప్పినందుకు న్యాయమైన పరిహారం, కోర్టు ఖర్చులు, ఇవి అడగండి. లెక్కలు పోతాయేమోనని భయపడుతున్నారు గానీ అవి ఉండేది హార్డ్‌డిస్క్‌లో, ర్యామ్‌లో కాదు. స్టిక్కర్ వీడియో తీసిన రోజే ఆ టెక్నీషియన్‌తోనే లెక్కలన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయించి, ఆ డిస్క్ నాన్నగారి చేతికివ్వండి.