తేడా కండక్టర్‌దా, వాల్యూమ్‌దా?

ప్రశ్న: స్వీడన్ స్వరకర్త ఫ్రాంజ్ బెర్వాల్డ్ మూడో సింఫనీని ఫోన్‌లో రెండు రికార్డింగుల్లో వింటున్నాను. కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించేవారు) ఇగోర్ మార్కెవిచ్‌ది చప్పగా, ఇంకో కండక్టర్ నీమె యార్వీది నిండుగా ఉంది. నిజంగా అంత తేడా ఉందా, యాప్ మాయా? ఒక గ్రూపులో రెండూ ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో) ఫైళ్లుగా ఫ్రీగా ఇస్తున్నారు. వినాలంటే వాళ్ల ప్లేయర్ యాప్ వేసుకోవాలట, దానికి మెసేజ్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ కూడా ఇవ్వాలట. వేసుకోనా?

జవాబు: వద్దు. ముందు ఈ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఫ్లాక్ ఫైలుకు ప్రత్యేకమైన ప్లేయర్ అక్కర్లేదు, ఇప్పటి ఫోన్లు దాన్ని నేరుగా పాడతాయి. పాట వినిపించే యాప్‌కి మీ మెసేజ్‌లు చదివే అనుమతి ఎందుకు? చూపు, వినికిడి ఇబ్బందులున్నవారి కోసం పెట్టిన యాక్సెసిబిలిటీని ఆన్ చేయమని ఎందుకు అడుగుతుంది? ఆ ఒక్క స్విచ్ నొక్కారంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లూ నొక్కగలదు. ఓటీపీ వచ్చేది అదే ఫోన్‌కి. కంప్యూటర్ అయినా ఇదే కథ: పేరు చివర ఫ్లాక్ అని కనిపిస్తుంది, దాని వెనక ఈఎక్స్ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే ముక్క ఉంటుంది. విండోస్ ఆ చివరి ముక్కను మామూలుగా దాచేస్తుంది. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, ఇన్నేళ్లయినా మారలేదు. ఇప్పటికే వేసేసుకుంటే ఆ అనుమతి తీసేసి, యాప్ తొలగించి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

ఇక మార్కెవిచ్. ఆయన బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో 1955లో చేసిన రికార్డింగ్ మోనో, అంటే రెండు చెవులకూ ఒకటే ధ్వని. యార్వీ గోథెన్‌బర్గ్ ఆర్కెస్ట్రాతో చేసింది 1980ల నాటి డిజిటల్ స్టీరియో, అంటే ఎడమకీ కుడికీ వేర్వేరు ధ్వని. పక్కపక్కన పెడితే పాతది చప్పగా అనిపించడంలో వింత లేదు. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లోనే మోనో ఆడియో అని ఒకటుంటుంది. అది ఆన్ చేసి రెండూ వినండి. ఈక్వలైజర్, సరౌండ్, యాప్‌లోని వాల్యూమ్ సమం చేసే ఆప్షన్ ఆపేయండి. కాస్త గట్టిగా వినిపించేదే బాగుందనుకోవడం మన చెవి బలహీనత.

ఈ సింఫనీలో రెండో భాగం పరీక్షకు భలే పనికొస్తుంది. నెమ్మదైన అడాజియో మధ్యలో హఠాత్తుగా స్కెర్జో అనే చురుకైన భాగం దూకుతుంది, మళ్లీ అడాజియో వస్తుంది. మొదటి అడాజియో రెండింట్లోనూ సమానంగా వినిపించేలా వాల్యూమ్ పెట్టుకుని, ఇక దాన్ని ముట్టుకోకుండా స్కెర్జో వినండి. ఇప్పుడు తేడా వినిపిస్తే అది వాల్యూమ్‌ది కాదు, చాలావరకు కండక్టర్‌దే.

నా అసలు కోపం యాప్‌ల మీద. వెతికితే ‘సింఫనీ నంబర్ 3 ఇన్ సి మేజర్, సిన్...’ దగ్గర పేరు తెగిపోతుంది. కండక్టర్ పేరు తెలియాలంటే లోపలికి వెళ్లి మూడుసార్లు నొక్కాలి. కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఈ బాధ కొత్త కాదు: ఆర్టిస్ట్ దగ్గర త్యాగరాజు ఉంటాడు, పాడిందెవరో దేవుడికే తెలియాలి. బెర్వాల్డ్ బతికుండగా బెర్లిన్‌లో ఆర్థోపెడిక్ క్లినిక్ పెట్టాడు, స్వీడన్‌లో గాజు ఫ్యాక్టరీ నడిపాడు. 1845లో రాసిన ఈ సింఫనీని మొదటిసారి వాయించింది 1905లో, అంటే ఆయన పోయిన 37 ఏళ్లకు. ఇప్పుడు యాప్‌లో దొరికింది కదా అని తెరిస్తే, షఫుల్ దానంతటదే ఆన్ అయి మొదట చివరి భాగం పాడుతుంది.