ఓట్లేస్తే పైకొచ్చే వార్తలు

ప్రశ్న: మా అబ్బాయి పేపరు ముట్టడు. రెడిట్ అనే వెబ్‌సైటులో జనం ఓట్లేసిన వార్తే పైకొస్తుందంటాడు. ఎడిటర్ లేకుండా ఎలా సార్?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఇది పాత సంగతేనండీ. 2003లో డెలిషియస్ అనే వెబ్‌సైటు వచ్చింది. నచ్చిన పేజీ లింకు దాచుకుని దానికో ట్యాగ్, అంటే విషయం తెలిపే చిన్న గుర్తుమాట, తగిలిస్తే, అదే ట్యాగ్ కింద ఊరూపేరూ తెలియనివాళ్లు దాచుకున్నవీ కనిపించేవి. నాకు అదే ఇష్టం. తర్వాత జనం ఓట్లేసే సైట్లొచ్చాయి: 2004లో డిగ్, 2005లో రెడిట్. ఇలాంటి ఓట్ల సైట్లలో ఓట్లతో పాటు వార్త వయసూ లెక్కలోకొస్తుంది; నిన్నటిది ఎంత గొప్పదైనా కిందికి జారాల్సిందే. డిగ్‌లో కొందరు కూడబలుక్కుని మరీ ఓట్లేసుకునేవారు. 2010లో ఆ సైటు రూపం మార్చేసరికి చాలామంది అలిగి రెడిట్‌కి పోయారు.

పేపరు మాత్రం మాన్పించకండి. కందుకూరు వేలం కేంద్రంలో ఇవాళ పొగాకు ధరెంతో రెడిట్‌లో ఎవరు ఓటేసి పైకి తెస్తారు?