పార్క్ గ్వేల్ బెంచీలా పగిలిన టైల్స్ వేయించాలంటే చైనా మొజాయిక్ పద్ధతి సరిపోతుందా?

మేడ మీద వంపు తిరిగిన సిమెంటు బెంచీ కట్టించి, దానికి వాస్తుశిల్పి గౌడీ బార్సిలోనాలోని పార్క్ గ్వేల్‌లో చేయించినట్టు పగిలిన టైల్స్ అతికించాలని అడిగారు. మేస్త్రి "మన చైనా మొజాయికే కదండీ" అన్నాడట. ఆయన మాట సగం నిజం. అక్కడ దాన్ని త్రెంకదీస్ అంటారు, రెండూ పగిలిన పింగాణీ పనులే. కాకపోతే చైనా మొజాయిక్ వేసే డాబా చదును, మీ బెంచీ వంపు.

చదునైన టైలు వంపు మీద కూర్చోదు. పగలగొట్టడానికి అసలు కారణం అదే, రంగులూ అందమూ తర్వాత. ముక్క చివర్లు ఎంత పైకి లేస్తాయో తెలియాలంటే, ముక్క వెడల్పును దానితోనే గుణించి, వంపు వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి. 20 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి అంచు మీద 10 సెం.మీ. ముక్క చివర్లు 6 మి.మీ. పైకి లేస్తాయి. 5 సెం.మీ. ముక్కైతే 1.5 మి.మీ. మాత్రమే, అది అడ్హెసివ్‌లో (టైలు అతికించే జిగురులో) కలిసిపోతుంది. లోపలి వంపులో ఇదే లెక్క తిరగబడి మధ్యలో బోలు మిగులుతుంది. అందుకే వీపు ఆనేచోట పెద్ద ముక్కలు, అంచు తిరిగేచోట బొటనవేలి గోరంత ముక్కలు వాడాలి. పార్క్ గ్వేల్‌లో సుమారు 110 మీటర్ల బెంచీకి ఈ పింగాణీ పని ఎక్కువగా గౌడీ సహచరుడు జోసెప్ మరియా జుజోల్‌ది. పారేసిన కప్పులు, పళ్ళేల ముక్కలు కూడా వాడేశారు.

వంటింటి గోడలకు వేసే గ్లేజ్డ్ టైల్స్ కొనండి, తేలిగ్గా పగులుతాయి. విట్రిఫైడ్ వద్దు: నీళ్ళు పీల్చవు కాబట్టి సిమెంటు పాలు దానికి పట్టవు. టైలును గోనెసంచిలో బోర్లా పెట్టి చిన్న సుత్తితో కొట్టాలి, కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. 10 చదరపు అడుగులకు 11 చదరపు అడుగుల టైలు, 5-6 కిలోల అడ్హెసివ్, 2 కిలోల గ్రౌట్ (సందులు నింపే సిమెంటు పొడి) పడతాయి.

డాబా పనిలో తడి మాలు మీద ముక్కలు పరిచి, పైన తెల్లసిమెంటు పోస్తారు. బెంచీకి వీపు ఆనే నిలువు భాగం మీద అలా చేస్తే ముక్కలు జారిపోతాయి. ఇక్కడ పాలిమర్ కలిసిన అడ్హెసివ్ కావాలి, ఒక్కో విడతకు రెండు చదరపు అడుగులకు మించి పూయకూడదు. మన ఎండకు పది నిమిషాల్లో పైన పొర కడుతుంది, ఆ తర్వాత నొక్కిన ముక్క అంటినట్టే ఉండి ఆరు నెలల్లో ఊడుతుంది. సాయంత్రం మొదలుపెట్టించండి.

చేయీ తొడా తగిలే అంచుల్లో పగిలిన వైపు బయటికి రానివ్వకండి. టైలు అసలు అంచునే బయటికి పెట్టి, మిగతావాటిని కార్బోరండం రాయితో రుద్దించండి. కూర్చునే చోటు ముందుకు 50కి 1 వాలు లేకపోతే వాననీళ్ళు నిలిచి గ్రౌట్ నల్లబడుతుంది.

సందులు 3-5 మి.మీ. ఉంచండి. వట్టి తెల్లసిమెంటు అంత వెడల్పులో ఎండి బీటలు తీస్తుంది, ఇసుక కలిసిన గ్రౌట్ అడగండి. నింపిన అరగంటకు తడి స్పాంజితో తుడవాలి. మర్నాడు మిగిలిన తెల్లమరకకు మేస్త్రి యాసిడ్ తెస్తాడు, వద్దనండి: మరకతో పాటు గ్రౌట్‌నూ తినేస్తుంది. పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే చాలు.