పడమటి పెరట్లో పాటియో: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర తూర్పు ముఖం ఇల్లు. వెనుక పడమట 18 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున ఖాళీ పెరడు ఉంది. నేల నల్లరేగడి. నైరుతి మూలన పాత వేపచెట్టు ఒకటి ఉంది. సాయంత్రాలు అందరం కూర్చుని టీ తాగడానికి వీలుగా పెరడంతా టైల్స్ పరిపించి పాటియోలా (ఆరుబయట కూర్చునే గచ్చులా) చేయించాలని అనుకుంటున్నాము. పక్కింటివారు వేయించిన టైల్స్ రెండేళ్లకే కుంగి పగిలాయి. వంటింటి గుమ్మం నుంచి పెరట్లోకి రెండడుగుల దిగుడు ఉంది, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆకులు రాలుతున్నాయని వేపచెట్టును కొట్టేయమని మేస్త్రి అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, టైల్స్ ఎంచుకునే ముందు మీ పెరట్లోకి ఎండ ఎటు నుంచి వస్తుందో, వాన నీరు ఎటు పోతుందో ఒక వారం పాటు గమనించి కాగితం మీద గీసుకోండి. ఉదయం ఏడు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు, సాయంత్రం అయిదు గంటలకు నీడ ఎక్కడ పడుతోందో ముగ్గుపిండితో గీత గీస్తే చాలు. మిగిలిన నిర్ణయాలన్నీ ఆ గీతలను బట్టే తీసుకోవలసి ఉంటుంది.

మీ ఇల్లు తూర్పు ముఖం కనుక ఇంటి నీడ పెరటి మీద మధ్యాహ్నం దాకా ఉంటుంది. అంటే అది సహజంగా పొద్దుటి పూట కూర్చోవడానికి అనువైన చోటు. మీరు కోరుకుంటున్న సాయంత్రపు వేళకు మాత్రం ఎండ నేరుగా ముఖాన కొడుతుంది. చాలామంది ఇక్కడే పొరపడి పైన పందిరి వేయించి ఊరుకుంటారు. పడమటి ఎండ ఏటవాలుగా పందిరి కిందికి దూరి వస్తుంది కనుక ఆ ఖర్చు సాయంత్రానికి అక్కరకు రాదు. మీకు కావలసింది నిలువు నీడ. పడమటి సరిహద్దు వెంట ఏడడుగుల ఎత్తున జీఐ పైపులు (జింకు పూత పూసిన ఇనుప పైపులు) నిలబెట్టి, వాటికి తీగ జాలీ కట్టి, రాధామనోహరం గాని సన్నజాజి గాని పాకించండి. నాలుగున్నర దాటిన తరువాత ఆ దడి నీడ పదడుగులకు పైగా సాగుతుంది. తీగ ఎదిగే లోపల చిక్కుడు పాదో, కాకర పాదో వేసుకోవచ్చు. నడివేసవిలో ఆ జాలీకే వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితే ఆ చల్లదనం, ఆ వాసన ఏ ఫ్యానుకూ రావు.

ఇక వేపచెట్టు. దయచేసి కొట్టించకండి. అయితే అది వేసవి సాయంత్రాలు మిమ్మల్ని కాపాడుతుందని కూడా అనుకోవద్దు. మే నెలలో మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా పడమట కాక, కొంత వాయవ్యం వైపుకు జరిగి అస్తమిస్తాడు. మీ చెట్టు నైరుతిలో ఉంది. దాని నీడ మీకు దక్కేది సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా, సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉండే నెలల్లో. అందువల్ల మీ దడిని వాయవ్య మూల దాకా తప్పక సాగించండి. ఆకులు ప్రధానంగా రాలేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. ఆ కొద్ది వారాలు ఊడ్చుకుంటే, ఉగాది నాటికి పచ్చడిలోకి పువ్వు మీ పెరట్లోనే దొరుకుతుంది. మొదలు చుట్టూ కనీసం నాలుగడుగుల మేర ఏ బండా, సిమెంటూ వేయనీయకండి. పెద్ద వేళ్లు అడ్డు వచ్చినా నరకనీయవద్దు; గచ్చునే పక్కకు జరపండి.

పక్కింటి గచ్చు పగలడానికి టైల్స్ నాణ్యత కంటే కింది నేల కారణమై ఉండే అవకాశం ఎక్కువ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఏటా జరిగే ఆ కదలికకు పైన పోసిన పలుచని కాంక్రీటు తట్టుకోలేదు. కాబట్టి గచ్చు వేసే మేర అడుగున్నర నుంచి రెండడుగుల లోతు వరకు నల్లమట్టి తీయించి, గ్రావెల్ నింపించండి. ఒకేసారి పోసి నీళ్లు పెట్టి వదిలేస్తే ప్రయోజనం లేదు. ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరను దిమ్మిసతో గట్టిగా కొట్టించాలి. ఈ పని జరిగే రోజుల్లో మీరో, మీ ఇంట్లో మరొకరో తప్పక దగ్గరుండండి. పైన బండలు పడ్డాక కింద ఏం జరిగిందో ఎవరికీ కనబడదు, అందుకే ఎక్కువగా లోపం జరిగేది ఇక్కడే.

ఇటువంటి నేలలో నా సలహా నున్నటి టైల్స్ వద్దని, గరుకుగా ఉండే నాపరాళ్లు వేయమని. మాచర్ల, బేతంచర్ల రాళ్లు మీకు దగ్గరలోనే దొరుకుతాయి. గట్టిపరచిన గ్రావెల్ మీద రెండంగుళాల ఇసుక పరచి, మందపాటి రాళ్లను సిమెంటు లేకుండా అమర్చి, చుట్టూ అంచుకు మాత్రం రాయి పాతించండి. రేపు ఎక్కడైనా కుంగితే ఆ రాయి ఒక్కటి ఎత్తి, ఇసుక సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. రాళ్ల మధ్య గడ్డి పెంచే పద్ధతి చూడముచ్చటగానే ఉంటుంది కాని, మీ అత్తగారి పాదమో చేతికర్రో ఆ సందుల్లో పడుతుంది. నడిచే చోట సందులు సన్నగా ఉంచి ఇసుకతోనే పూడ్పించండి.

ఇంటి గోడ నుంచి దూరంగా, ప్రతి అయిదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఇవ్వాలి. పది అడుగుల గచ్చుకు రెండంగుళాలు. కంటి అంచనాతో కాక, మేస్త్రి చేత నీళ్ల ట్యూబుతో కొలిపించండి. నల్లరేగడిలో పునాది పక్కన నీరు నిలిస్తే గచ్చుకే కాదు, ఇంటి గోడలకూ ముప్పు. వాలు చివర సన్నని కాలువ తీసి, పునాదికి వీలైనంత దూరంలో వదలండి.

పెరడంతా పరిపించాలన్న ఆలోచన మానుకోమని కోరుతున్నాను. నలుగురు కూర్చునే బల్ల, కుర్చీలు, వాటిని వెనక్కి జరుపుకునే చోటుతో సహా 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు సరిపోతుంది. మిగిలినది మట్టిగా ఉంచితే చెట్టుకు నీరందుతుంది, రాళ్ల వేడి రాత్రి దాకా ఇంటిని వేధించదు. సెప్టిక్ ట్యాంకు మూత ఆ మేరలో ఉంటే దాని మీద ఎత్తడానికి వీలైన విడి రాయే పెట్టండి.

మీ అత్తగారి కోసం వాలుబాట కట్టడం ఇక్కడ కుదరదు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్కన రెండడుగులకు 24 అడుగులు కావాలి. అందుకు బదులు ఒక్కొక్కటి అయిదు అంగుళాలకు మించని మెట్లు, పాదం పూర్తిగా ఆనేలా అడుగు వెడల్పున కట్టించి, ఒక పక్క చేతికి అందే ఎత్తున పైపు పట్టుగొమ్మ బిగించండి. గుమ్మం దగ్గర ఒక దీపం, మెట్ల దగ్గర ఒక దీపం తప్పనిసరి.

ప్రశ్న: హైదరాబాదులో మా ఇంటి ముందు సిట్‌అవుట్‌లో తాండూరు బండలు వేయించాము. సిమెంటు మరకలు పోవడానికి పనివారు యాసిడ్‌తో కడిగారు. ఇప్పుడు బండలు తెల్లగా, గరుకుగా మారాయి. ఏం చేయాలి?

సమాధానం: తాండూరు బండ సున్నపురాయి జాతికి చెందినది. యాసిడ్ తగిలితే నురగ వచ్చి పైపొర కరిగిపోతుంది, మీకు కనబడుతున్నది ఆ కరిగిన పొరే. ముందు మంచినీళ్లతో రెండు మూడు సార్లు బాగా కడిగించండి. పూర్తిగా ఆరాక పాలిష్ మిషనుతో పైపొర తీయిస్తే రంగు చాలా వరకు తిరిగి వస్తుంది. ఆరుబయట చోటు కనుక అద్దంలా మెరిసే పాలిష్ అడగవద్దు, వానకు జారుతుంది. ఇకపై సాదా సబ్బునీళ్లే వాడండి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడవండి.

ప్రశ్న: నెల్లూరులో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో కూర్చోవడానికి రేకుల షెడ్డు వేయించవచ్చా?

సమాధానం: ఆ ఖాళీ స్థలం ప్లానులో సెట్‌బ్యాక్‌గా, అంటే ఇంటి చుట్టూ నిబంధన ప్రకారం ఖాళీగా వదలవలసిన చోటుగా చూపినదైతే, కప్పు వేసే ముందు పురపాలక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. అనుమతి ఉంటే వేయించవచ్చు. మీకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఒక్కొక్కసారి తుపానుతో కలిసి వస్తాయి. గాలి రేకును కింది నుంచి పైకి లేపుతుంది కనుక మేకులతో సరిపెట్టక బోల్టులతో బిగించి, స్తంభాలను కాంక్రీటు దిమ్మెల్లో నిలపండి. వాలు ఇంటి గోడ వైపు గాని, పొరుగువారి గోడ వైపు గాని ఉండకూడదు. రేకుల అంచు వెంట వాన నీరు పారే దోనె (గట్టర్) కట్టించి నాలుగంగుళాల పైపుతో ఇంకుడు గుంతలోకి మళ్లించండి. సెప్టెంబరు నెలలో ఒకసారి ఆ దోనెలోని ఆకులు తీయించడం మరవవద్దు.