మిగిలిన 20 శాతం ఎక్కడుందో అడుగు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మూడు రాష్ట్రాల మీదుగా మన రేవుకు రాబోయే సరకు రవాణా కారిడార్‌కు ప్రణాళిక, నిధుల సమీకరణ చూసే బృందంలో నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ కబురు నువ్వే చెప్పి ఉంటే ఇంకా సంతోషించేదాన్ని. ఉద్యోగమంతా భూసేకరణ విభాగంలో గడిపిన పెద్దమ్మ ఒకతె ఉందని నీకు గుర్తు రాకపోవడం మీద నాకు కొంచెం కోపంగానే ఉంది. గర్వం మాత్రం కోపం కంటే ఎక్కువే. మా రోజుల్లో ఇలాంటి సమావేశాల్లో ఆడమనిషి కనిపిస్తే మినిట్స్ రాయడానికి వచ్చిందనుకునేవారు.

డీపీఆర్, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక, ఎలా చేయాలో నేను నీకు చెప్పనక్కరలేదు. అటవీ అనుమతుల దరఖాస్తులు ముందే పెట్టించు. వంతెనలు వచ్చేచోట మట్టి పరీక్షలు వానలకు ముందే చేయించు. సంతకం పెట్టిన ప్రతి కాగితం నకలు నీ దగ్గర ఉంచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే కనుక, నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను.

మీ రోడ్డు కూడా బహుశా హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలోనే వెళ్తుంది. 2016లో మొదలైన ఆ పద్ధతిలో నిర్మాణ వ్యయంలో 40 శాతాన్ని పని సాగినకొద్దీ ప్రభుత్వం విడతలుగా ఇస్తుంది. మిగిలిన 60 శాతం గుత్తేదారు తన పెట్టుబడితోనూ బ్యాంకు అప్పుతోనూ తెచ్చుకుంటాడు. రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి దాన్ని వడ్డీతో కలిపి అతనికి చెల్లిస్తారు. టోల్ వసూలు ప్రభుత్వానిదే. అంతకు ముందు, గుత్తేదారే రోడ్డు కట్టి టోల్‌తో పెట్టుబడి రాబట్టుకునే బీఓటీ రోడ్లకు అప్పులిచ్చి, అనుకున్నన్ని వాహనాలు రాక చేతులు కాల్చుకున్న బ్యాంకులకు ఈ ఏర్పాటు నచ్చడంలో వింత లేదు. అయితే పని ప్రారంభ తేదీ ప్రకటించాలంటే 80 శాతం భూమి చేతికి వచ్చి ఉండాలన్న నిబంధన ఒకటి ఉంది చూశావూ, అందరూ ఆ అంకెను చూసి స్థిమితపడతారు. నువ్వు మాత్రం మిగిలిన 20 శాతం ఎక్కడుందో అడుగు. అది ఒక చివర ఒకేచోట ఉంటే పెద్ద నష్టం లేదు. ఊరికొక ముక్కగా మధ్యమధ్యలో చిక్కుకుని ఉంటే, ఆ ముక్క దగ్గరకు రాగానే పని ఆగుతుంది, పని ఆగితే ప్రభుత్వ విడత ఆగుతుంది, బ్యాంకు వడ్డీ ఒక్కటే ఆగదు.

స్వర్ణ చతుర్భుజి రోజుల్లో, ఇప్పుడు 16వ నంబరు అంటున్న మన పాత 5వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేస్తున్నప్పుడు జరిగిన ఉదంతం ఒకటి చెబుతాను. ఊరి పేరు వద్దు, అధికారి పేరూ వద్దు. ఆయన ఇప్పుడు లేరు. గడువు ముంచుకొస్తోందని పైనుంచి ఒత్తిడి ఉంది. పొలంలోకి వెళ్లి ఎవరు దున్నుతున్నారో చూసే ఎంజాయ్‌మెంట్ సర్వే చేయించకుండా, అడంగల్లో, అంటే గ్రామ సాగు రికార్డులో, ఉన్న పేర్లతోనే ఆయన అవార్డు, అంటే పరిహారం ఎవరికెంతో తేల్చే ఉత్తర్వు, తయారు చేయించారు. ఒక సర్వే నంబరు కింద ఎప్పుడో చనిపోయిన పెద్దాయన పేరే ఇంకా ఉంది. పరిహారం చెక్కు ఆయన పెద్దకొడుకు అందుకున్నాడు. నిజంగా ఆ భూమిని సాగు చేసుకుంటున్నది మాత్రం చిన్నకొడుకు భార్య, అప్పటికే ఆమె భర్త పోయాడు. ఆ పక్కనే కొన్ని కుటుంబాలు ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూమిలో జీడిమామిడి తోటలు పెంచుకున్నాయి. ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వమే తీసుకుంటే పరిహారం ఎందుకన్న వాదనతో వాటిని పోరంబోకు కింద రాసేశారు. చెట్లు లెక్కపెట్టడానికి వచ్చినవాళ్లు మాత్రం ప్రతి మొదలుకూ ఎర్రరంగుతో అంకె వేసి వెళ్లారు. అంకె వేశారు కాబట్టి డబ్బు వస్తుందని ఆ కుటుంబాలు నమ్మాయి. వేసవిలో యంత్రాలు వచ్చి చెట్లు పడగొట్టాయి, డబ్బు రాలేదు.

మర్నాటి నుంచి వాళ్లు రోడ్డు కోసం పోసిన మట్టికట్ట మీద కూర్చున్నారు. నేను అప్పుడే ఆ విభాగానికి బదిలీ మీద వచ్చాను. చిన్నకొడుకు భార్య ఒక ప్లాస్టిక్ సంచిలోంచి శిస్తు రసీదులు తీసి, మడతలు విప్పి, ఒక్కొక్కటే నా బల్ల మీద పరిచింది. రికార్డులో పేరు మార్చలేదు గాని శిస్తు మాత్రం ఏటా ఆమె భర్త చేతనే కట్టించుకున్నారు. ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఇవి సరిపోతాయా అమ్మా అని మాత్రం అడిగింది. ఏం చెప్పమంటావు? అవార్డు అయిపోయింది, చెక్కు చెల్లిపోయింది. ఆ కొద్దిపాటి నేల తేలడానికి రెండు వర్షాకాలాలు పట్టింది. ఈలోగా గుత్తేదారు తన యంత్రాలు ఖాళీగా పడి ఉన్నాయని నష్టపరిహారం కోరాడు, అది మధ్యవర్తి దగ్గరకు వెళ్లింది. ఆ కుటుంబాలకు మొదటే ఇచ్చి ఉంటే సరిపోయే సొమ్ము అతను అడిగినదాంట్లో ఒక చిన్న వంతు. డి-పట్టాదారులకు కూడా పూర్తి మార్కెట్ విలువ ఇవ్వాలని మన హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తేల్చి చెప్పింది గాని, అలా ఇవ్వడానికి కోర్టు చెప్పేదాకా ఆగనక్కరలేదు.

ఆ రెండేళ్లూ అటూ ఇటూ నున్నటి తారురోడ్డు, మధ్యలో మాత్రం దీపమైనా లేని మట్టి దారిమళ్లింపు. ఒక రాత్రి స్కూటరు మీద వస్తున్న భార్యాభర్తలు రోడ్డు ఇంకా ముందుకు ఉందనుకుని ఆ అంచు మీది నుంచి పడిపోయారు. భర్త బతకలేదు. ఆ ప్రమాదం మా భూసేకరణ దస్త్రంలో ఎక్కడా కనిపించదు, ఎందుకంటే అది మరో శాఖ లెక్క. అప్పటి నుంచి సగం వేసి వదిలేసిన రోడ్డంటే నాకు భయం. నీకు ఇది ముసలమ్మ చాదస్తంగా తోచినా సరే, ఊరూరికీ భూమి స్వాధీనమైందా, డబ్బు నిజమైన సాగుదారుకు ముట్టిందా అన్నది రంగులతో గుర్తించిన పటం చూడనిదే, శాతం అంకె ఒక్కటి చూసి ఏ ప్రారంభ తేదీకీ తలూపకు.

ఈ పని మూడు రాష్ట్రాల్లో మూడు రకాలుగా ఉంటుంది. భూమి రికార్డులుగా మనకు అడంగల్, 1-బి ఉన్నట్టే ఒడిశాలో ఖతియాన్, ఛత్తీస్‌గఢ్‌లో బి-1 ఖసరా ఉన్నాయి. భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3(ఏ) ప్రకటన వచ్చిన ఏడాదిలోగా, దాన్ని ఖరారు చేసే 3(డి) ప్రకటన రాకపోతే మొదటిది చెల్లకుండా పోతుందని జాతీయ రహదారుల చట్టం చెబుతోంది కనుక, ఒక రాష్ట్రంలో రికార్డు సరిచేసుకోవడం ఆలస్యమైతే మిగిలిన రెండూ ఎదురుచూడవు. ధర సంగతి ఇంకా చిక్కు. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం లెక్కలు 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తున్నాయి. అందులో గ్రామీణ భూమి విలువను ఒకటి నుంచి రెండు రెట్ల దాకా ఎంతతో హెచ్చించాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకోవచ్చు. సరిహద్దు గెడ్డకు అటు ఒక ధర, ఇటు ఒక ధర వస్తే, అదే మట్టి, అదే పంట అయినవాళ్లు ఊరుకుంటారా? పైగా రిజిస్ట్రేషన్ కాగితాల్లో జనం తక్కువ విలువ వేయించుకుంటారు, మనం ఆ కాగితాల మీదే ధర కడతాం, వాళ్లు మధ్యవర్తి దగ్గరకు వెళ్లి పెంచుకుంటారు. ఆ పెంపు రోడ్డు పూర్తయ్యాక కూడా వస్తుంది. నీ నిధుల లెక్కలో దానికి చోటు ఉంచావా? కొండప్రాంతంలో అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందిన గిరిజనులను, ఇంకా దరఖాస్తు దశలోనే ఉన్నవాళ్లను ఆక్రమణదారులని రాయనీయకు.

డబ్బు ఎవరిస్తున్నారన్నది కూడా ఇక్కడే తేడా తెస్తుంది. విశాఖపట్నం–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో 63.1 కోట్ల డాలర్ల సాయం మంజూరు చేసింది. ఆ బ్యాంకు నిబంధనల ప్రకారం భూమి మీద హక్కుపత్రం లేనివారికి కూడా, పోగొట్టుకున్న ఇంటికీ చెట్టుకూ పంటకూ పరిహారం ఇవ్వాలి. మన ఇంజినీర్లు దీన్ని తలనొప్పిగా చూస్తారు. నాకైతే ఆ జీడిమామిడి కుటుంబాల ఊళ్లో ఆ నిబంధన ఉండి ఉంటే బాగుండేదనిపిస్తుంది. నిధులు ఎక్కడి నుంచి వచ్చినా ఆ పద్దు పెట్టించు. ఖర్చు తగ్గించమన్నప్పుడు ముందు కత్తెర పడేది పశువులూ నాటుబండ్లూ దాటే అండర్‌పాసులకే. పొలం అటు, ఇల్లు ఇటు అయిన రైతు కంచె విరగ్గొట్టుకుని దాటుతాడు, అప్పుడు మళ్లీ ప్రమాదాలు.

వాహనాల లెక్క గురించి నేను పెద్దగా చెప్పలేను, ఒక్క సంగతి తప్ప. గుత్తేదారుకు టోల్ నష్టం తగలని పద్ధతిలో ఆ అంచనాను ఎవరూ గట్టిగా పరీక్షించరు. బైలదిలా ఇనుప ఖనిజం, దామన్‌జోడి అల్యూమినా రైల్లో వస్తాయి. వాటిని చూపించి లారీలు లెక్కగడితే ఒప్పుకోకు. సాలూరు వెళ్లి లారీల యజమానులతో మాట్లాడు. సుంకి ఘాట్ ఎక్కిదిగిన వాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు, వాళ్లు మొదట అడిగేది రిటర్న్ లోడు ఉందా అనే. ఇక్కడి నుంచి ఖాళీగా వెనక్కి వెళ్లాల్సిన లారీకి ఎంత మంచి రోడ్డైనా టోల్ బరువే. 2017లో జీఎస్టీ వచ్చాక ఇచ్ఛాపురం దగ్గర చెక్‌పోస్టు వరసలు తగ్గడం వల్ల వాళ్లకు కలిసొచ్చిన సమయమెంతో వాళ్లే చెబుతారు. ఆరు వరుసల రోడ్డుకు కూడా అంత ఫలితం దక్కుతుందో లేదో వాళ్ల నోటనే విను.

ఇంకొకటి. రాయపూర్–విశాఖ కారిడార్ సుమారు 465 కిలోమీటర్లు, పాత దారి కంటే దాదాపు 130 కిలోమీటర్లు తక్కువ అని అందరూ చెబుతారు. అది వచ్చి దిగేది సబ్బవరం దగ్గర. రేవు ఉన్నది ఊళ్లో, కాన్వెంట్ జంక్షన్ దాటాక. అక్కడ నుంచి షీలానగర్ వైపు అనుసంధానం లేకపోతే ఆదా అయిన గంటలన్నీ ఊరి పొలిమేరలో కరిగిపోతాయి. మన రేవు 1933లో తెరిచినప్పుడు, పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా రైలు మార్గాన్ని దానికి ముందే పూర్తి చేసి ఉంచారు. తెల్లదొరలను మెచ్చుకోవడం నాకు ఇష్టం ఉండదు గాని, ఖనిజం గనిలో బయల్దేరి ఓడ ఎక్కేదాకా దారిని వాళ్లు ఒకే లెక్కలో చూశారు. నీ బడ్జెట్లో ఆ చివరి ముక్క వేరే ప్యాకేజీగా వెనకబడకుండా చూడు.

ఎండలో పొలాల వెంట తిరగాల్సి వస్తుంది. టోపీ పెట్టుకో, మధ్యాహ్నం భోజనం మానకు, జీపు డ్రైవరు కూడా తిన్నాడో లేదో కనుక్కో. ఊళ్లోకి సర్వేయరుతో వెళ్లేటప్పుడు ముందు సర్పంచి ఇంటికి కాకుండా పొలం దగ్గరకే వెళ్లు. సర్పంచి నొచ్చుకుంటాడు, తర్వాత సర్దిచెప్పవచ్చు.

3(ఏ) ప్రకటన ముసాయిదా సిద్ధం కాగానే మన జిల్లాల వరకు సర్వే నంబర్ల జాబితా, పొలాల కొలతల పటాలైన ఎఫ్ఎంబీ నకళ్లు నాకు పంపించు. పాచిపెంట, సాలూరు వైపు భూములు నేను చాలావరకు నడిచి చూసినవే. ఏవి డి-పట్టాలో, ఏవి పంపకాలు తేలని ఉమ్మడి భూములో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి వారంలోగా తిప్పి పంపుతాను. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు, ఈ కళ్లద్దాలతో చిన్న అంకెలు కనపడడం లేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ